చీర మీద తెల్ల బూట్లు

మే నెల వచ్చిందంటే మనవాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లలో ఒక దృశ్యం తప్పకుండా కనిపిస్తుంది. అది న్యూజెర్సీలో ఎడిసన్ కావచ్చు, టెక్సస్‌లో ఫ్రిస్కో కావచ్చు, లండన్ శివార్లలో హౌన్‌స్లో కావచ్చు. సాయంత్రం ఎండ చల్లబడ్డాక పెద్దవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి మెల్లిగా నడుస్తూ ఉంటారు. ఆయన ప్యాంటు మీద స్వెట్టరు వేసుకుని, తలకి మఫ్లరు చుట్టుకుని ఉంటారు. ఆవిడ నేత చీర కట్టుకుని, దాని మీద మనవడి పాత జాకెట్టు తొడుక్కుని ఉంటారు. కాళ్లకు మాత్రం ఇద్దరికీ తెల్లటి ఆటల బూట్లు.

ఇందులో తమాషా ఏమిటంటే, ఆ అమ్మమ్మ కాళ్లకున్న బూట్లూ, అదే వీధిలో హైస్కూలుకి వెళ్లే కుర్రాడు తల్లిదండ్రులతో పోట్లాడి కొనిపించుకున్న బూట్లూ చాలాసార్లు ఒకటే రకం. ఫోన్లు మారాయి, కార్లు మారాయి, టీవీ గోడకెక్కింది. యాభై ఏళ్ల కిందట టెన్నిస్ కోసం తయారైన బూటు మాత్రం అదే అచ్చుతో, అదే రంగుతో ఇవాళ కూడా కొట్లో దొరుకుతోంది. ఆ టెన్నిస్ ఆటగాళ్లెవరూ ఇప్పుడు దాన్ని తొడగరు. అయినా అమ్మకం ఆగలేదు. ఎందుకని? మా ఇంట్లో మూడు తరాల కాళ్లు ఒకే చెప్పుల స్టాండు పంచుకున్న ఆరు నెలల్లో ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఒక బూటు, పది పేర్లు

ముందు పేరు సంగతి చూద్దాం. అమెరికాలో ఉన్నవాళ్లం స్నీకర్స్ అంటాం. బ్రిటన్‌లో ఉన్న మా ఆడపడుచు ట్రైనర్స్ అంటుంది. దక్షిణాఫ్రికాలో వీటిని టాకీస్ అంటారు. మన ఊళ్లో కాన్వాసు బూట్లు, టెన్నిస్ బూట్లు, కాస్త ఖరీదైనవైతే స్పోర్ట్స్ షూస్.

స్నీకర్ అనే మాట వెనక చిన్న కథ ఉంది. ఇంగ్లీషులో చప్పుడు చేయకుండా నక్కి నడవడాన్ని స్నీక్ అంటారు. తోలు అట్టల బూట్లు టకటకమంటూ వచ్చేవాళ్లని ముందే పట్టిస్తాయి. రబ్బరు అట్ట బూట్లకి ఆ చప్పుడు లేదు. అందుకని పంతొమ్మిదో శతాబ్దం చివరికల్లా అమెరికాలో వాటికా పేరు వచ్చేసింది. బ్రిటన్‌లో అలాంటి బూట్లనే ప్లిమ్‌సోల్స్ అన్నారు. ఓడలో ఎంత బరువు వెయ్యవచ్చో చూపించడానికి ఓడ పక్కన గీసే గీతని ప్లిమ్‌సోల్ గీత అంటారు. బూటు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ అలాగే కనిపించిందట.

రబ్బరు, గుడ్డ, పొయ్యి

ఈ బూట్లన్నిటికీ మూలం రబ్బరు. పచ్చి రబ్బరుతో బూట్లు చేస్తే వేసవిలో బంకలా కరిగేది, చలికాలంలో పెళుసెక్కి విరిగేది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ అనే ఆయన రబ్బరులో గంధకం కలిపి వేడి చేస్తే అది గట్టిపడి, సాగే గుణం పోకుండా నిలుస్తుందని కనిపెట్టాడు. దాన్నే వల్కనైజేషన్ అంటారు. గుడ్డతో పైభాగం కుట్టి, కింద రబ్బరు అట్ట అంటించి, చుట్టూ రబ్బరు పట్టీ వేసి, మొత్తాన్ని పొయ్యిలో పెట్టి కాలిస్తే కాన్వాసు బూటు తయారైనట్టే. ఇవాళ్టికీ పద్ధతి దాదాపు అదే.

1908లో మార్క్విస్ మిల్స్ కన్వర్స్ అనే ఆయన మసాచుసెట్స్‌లోని మాల్డెన్‌లో రబ్బరు బూట్ల కంపెనీ పెట్టాడు. బాస్కెట్‌బాల్ ఆట 1891లో పుట్టింది కూడా ఆ రాష్ట్రంలోనే, స్ప్రింగ్‌ఫీల్డ్‌లో. చెక్క నేల మీద జారకుండా ఆడటానికి మంచి బూటు కావలసి వచ్చింది. 1917లో కన్వర్స్ ఆల్‌స్టార్ వచ్చింది. 1920లలో చక్ టేలర్ అనే ఆటగాడు ఆ కంపెనీలో అమ్మకాల ఉద్యోగంలో చేరాడు. కారులో బూట్లు వేసుకుని ఊరూరా తిరిగి, స్కూళ్లలో పిల్లలకి ఆట నేర్పుతూ బూట్లు అమ్మేవాడు. 1930లలో ఆయన సంతకం చీలమండ దగ్గర ఉండే గుండ్రటి బిళ్ల మీదకి ఎక్కింది. ఇవాళ కోట్లమంది కాళ్ల మీద ఉన్న ఆ సంతకం ఒక సేల్స్‌మన్‌ది అంటే పిల్లలు నమ్మరు.

1962లో విల్ట్ చాంబర్లేన్ ఒకే ఆటలో వంద పాయింట్లు కొట్టినప్పుడు కాళ్లకున్నవి ఈ కాన్వాసు బూట్లే. తరవాత తోలు బూట్లు వచ్చాయి, ఆటగాళ్లు వీటిని వదిలేశారు. కానీ గిటార్లు పట్టుకున్న కుర్రాళ్లు తొడిగారు, కాలేజీ పిల్లలు తొడిగారు. 2001లో కంపెనీ దివాలా తీసింది. 2003లో నైకీ దాన్ని సుమారు 30 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. 2020 ఎన్నికల ప్రచారంలో కమలా హారిస్ విమానం దిగుతూ తొడిగినవి కూడా ఈ బూట్లే. వాళ్లమ్మ మద్రాసు నుంచి వచ్చిందని మనవాళ్లకి చెప్పక్కర్లేదు.

అన్నదమ్ముల పంపకం

రెండో కథ మనకి బాగా అర్థమయ్యే కథ. జర్మనీలో హెర్జోగెనౌరాఖ్ అని చిన్న ఊరు. అక్కడ రుడాల్ఫ్ డాస్లర్, అడాల్ఫ్ డాస్లర్ అనే అన్నదమ్ములు 1920లలో కలిసి ఆటల బూట్ల కంపెనీ పెట్టారు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో జెస్సీ ఓవెన్స్ నాలుగు బంగారు పతకాలు గెలిచిన చోట వాళ్ల బూట్లు కూడా పరుగెత్తాయి. యుద్ధం అయ్యాక అన్నదమ్ములకి పడలేదు. 1948లో విడిపోయారు. తమ్ముడు తన ముద్దుపేరు ఆడి, ఇంటిపేరులోని మొదటి అక్షరాలు కలిపి అడిడాస్ అన్నాడు. అన్న ఏటికి అవతలి ఒడ్డున ప్యూమా పెట్టాడు.

ఊరు ఊరంతా రెండుగా చీలింది. ఎదుటి మనిషి మొహం చూడకముందు కాళ్లకి ఏ బూట్లున్నాయో చూసేవాళ్లని, అందుకే దానికి మెడలు వంచిన ఊరు అని పేరు వచ్చిందని చెబుతారు. అన్నదమ్ములు పోయాక ఒకే శ్మశానంలో ఆ చివర ఒకరిని, ఈ చివర ఒకరిని పూడ్చారు. 2009లో రెండు కంపెనీల ఉద్యోగులూ కలిసి ఫుట్‌బాల్ ఆడి చేతులు కలిపారు. ఉమ్మడి గోడ కోసం మూడు తరాలు కోర్టుకి తిరిగిన కుటుంబాలు మన పల్లెల్లో ఎన్ని లేవు! మా నాన్న ఈ కథ విని, "వాళ్లు నయం, బూట్లన్నా మిగిలాయి" అన్నారు.

ఆ అడిడాస్ నుంచి వచ్చిన తెల్ల తోలు టెన్నిస్ బూటే స్టాన్ స్మిత్. మొదట అది రాబర్ట్ హైయే అనే ఫ్రెంచి ఆటగాడి పేరుతో ఉండేది. 1971లో అమెరికన్ ఓపెన్, 1972లో వింబుల్డన్ గెలిచిన స్టాన్ స్మిత్ పేరు, బొమ్మ తరవాత దాని మీదకి వచ్చాయి. తెల్లటి తోలు, మడమ దగ్గర చిన్న ఆకుపచ్చ ముక్క, పక్కన చారల బదులు మూడు వరసల సన్నటి చిల్లులు. అంతే. కొన్నాళ్లు దాన్ని కొట్లలోంచి తీసేసి 2014లో మళ్లీ తెచ్చారు. తన జీవితం మీద వచ్చిన పుస్తకానికి స్మిత్ పెట్టుకున్న పేరుకి అర్థం, కొందరు నన్ను బూటనుకుంటారు అని! వింబుల్డన్ గెలిచిన సంగతి మరిచిపోయిన లోకం బూటుని గుర్తుపెట్టుకుంది.

ఫ్లషింగ్ వినాయకుడి గుడికి దర్శనానికి వెళ్లినవాళ్లకి న్యూయార్క్‌లోని క్వీన్స్ పరిచయమే. ఆ క్వీన్స్‌లోనే హోలిస్ అనే పేట ఉంది. అక్కడి నల్లజాతి కుర్రాళ్లు ముగ్గురు రన్ డీఎంసీ అనే పాటల బృందం కట్టారు. ముందు భాగంలో గవ్వచిప్ప ఆకారంలో రబ్బరు ఉండే అడిడాస్ సూపర్‌స్టార్ బూట్లని లేసులు లేకుండా తొడిగేవాళ్లు. 1986లో ఆ బూట్ల మీద పాటే కట్టారు. మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కచేరీ మధ్యలో బూట్లు పైకెత్తండి అంటే వేల జతలు గాల్లోకి లేచాయి. బాస్కెట్‌బాల్ కోసం చేసిన బూటు ఆ రోజుతో వీధిదైపోయింది.

అంతకు ముందు ఏడాదే, 1985లో, నైకీ వాళ్లు కుర్ర ఆటగాడు మైకేల్ జోర్డాన్ పేరుతో ఎయిర్ జోర్డాన్ తెచ్చారు. అప్పటి ధర 65 డాలర్లు. ఇవాళ అదే నమూనా కోసం పిల్లలు తెల్లవారుజామున ఫోన్లు పట్టుకుని లాటరీలు వేసుకుంటున్నారు. నైకీ టిక్కు గుర్తుని 1971లో గీసింది కెరొలిన్ డేవిడ్సన్ అనే విద్యార్థిని. అప్పుడు ఆమెకి ఇచ్చింది 35 డాలర్లు. ఆ తరవాత కంపెనీ ఆమెకి వాటాలు ఇచ్చి గౌరవించిందనుకోండి.

శనివారం తెల్ల బూట్లు

ఇవన్నీ పరాయి కథలనుకోకండి. మనకీ ఒక క్లాసిక్ ఉంది. అది బాటా తెల్ల కాన్వాసు బూటు.

చాలామంది బాటా మన దేశపు కంపెనీ అనుకుంటారు. తోమాస్ బాట్యా అనే ఆయన 1894లో ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లో ఉన్న జ్లీన్ ఊళ్లో దాన్ని మొదలుపెట్టాడు. 1930లలో కలకత్తా దగ్గర హుగ్లీ ఒడ్డున ఫ్యాక్టరీ కట్టి, దాని చుట్టూ ఒక ఊరే కట్టారు. అదే బాటానగర్. బడిపిల్లల వ్యాయామం పీరియడ్‌కి కావలసిన తెల్ల టెన్నిస్ బూట్లు అక్కడి నుంచి దేశమంతా వెళ్లాయి. 99 రూపాయల 95 పైసల ధరని మనం ఇప్పటికీ బాటా రేటు అంటాం కదా.

శనివారం తెల్ల యూనిఫాం, తెల్ల బూట్లు. శుక్రవారం సాయంత్రమే వాటిని ఉతికి, తెల్ల పాలిషు నీళ్లలో కలిపి స్పాంజితో పూసి, పిట్టగోడ మీద ఏటవాలుగా ఆరబెట్టాలి. పాలిషు అయిపోతే బడిలోంచి తెచ్చిన సుద్దముక్క ఉండనే ఉంది. ప్రేయరుకి నిలబడ్డప్పుడు పక్కవాడు కాలు తొక్కితే నల్ల మచ్చ, దాని మీద మళ్లీ సుద్ద. నలభై దాటిన వాళ్లెవరికైనా ఆ వాసన ఇప్పటికీ గుర్తుంటుంది. మలేషియాలో చదువుకున్న తెలుగువాళ్లకీ ఇది తెలుసు. అక్కడ బడిపిల్లలకి తెల్ల బూట్లే నియమం. పాపం తల్లుల మొర విన్నారేమో, 2021 నుంచి నల్ల బూట్లు చేశారు.

మా అమ్మకి మాత్రం ఆ తెల్ల బూట్లంటే వేరే జ్ఞాపకం. అది నాకు ఇన్నేళ్లూ తెలియదు. పోయిన ఏడాది అమ్మా నాన్నా ఆరు నెలలకి మా ఇంటికి వచ్చినప్పుడు బయటపడింది.

అమ్మకి డెబ్బై దాటాయి. పన్నెండేళ్లుగా షుగర్. ఊళ్లో ఉంటే గుడికనీ, కూరగాయలకనీ నడుస్తూనే ఉండేది. ఇక్కడికొచ్చాక ఇంట్లో కార్పెట్టు మీద తప్ప అడుగు పెట్టలేదు. రెండు నెలలు తిరిగేసరికి షుగర్ పెరిగింది. రోజూ అరగంట నడవకపోతే మందు పెంచాలని డాక్టరు చెప్పింది. రబ్బరు చెప్పులతో వెళితే మంచు కరిగిన తడి మీద జారే భయం. బూట్లు కొంటానంటే ఒప్పుకోదు.

"చీర మీద బూట్లేమిటే, నలుగురూ నవ్వరూ! డ్రిల్లు మాస్టారిలా ఉంటాను."

"ఇక్కడ ఎవరమ్మా నవ్వేది? అందరు అమ్మలూ తొడుగుతున్నారు."

"తొడిగితే తొడగనీ. నాకు పడవు."

వారం రోజులు ఇదే వరస. చివరికి మా పదిహేనేళ్ల సుపుత్రుడు రంగంలోకి దిగాడు. వాడికి బూట్లంటే ప్రాణం. "అమ్మమ్మా, నువ్వు కొనద్దులే, నాకు సాయంగా షాపుకి రా" అని తీసుకెళ్లాడు. నేనూ వెళ్లాను. గోడ నిండా బూట్లు. వాటి మధ్యలో ఒక తెల్ల కాన్వాసు జత ముందు అమ్మ ఆగిపోయింది. చేతిలోకి తీసుకుంది. లోపలికి చెయ్యి పెట్టి చూసింది.

"ఇవి ఇంకా చేస్తున్నారుట్రా?" అంది వాడితో.

అప్పుడు చెప్పింది. తొమ్మిదో క్లాసులో జనవరి 26 కవాతుకి తెనాలి దగ్గర వాళ్ల హైస్కూల్లో అమ్మని ఎంపిక చేశారట. తెల్ల కాన్వాసు బూట్లు ఉన్నవాళ్లే ముందు వరసలో. మా తాతయ్య ఆ ఏడాది పెద్ద మామయ్యకి కొన్నారు, పట్నంలో చదువుతున్నాడని. ఆడపిల్లకి ఒక్కరోజు కోసం బూట్లెందుకన్నారు. మామయ్య పాత జత అమ్మకి వచ్చింది, రెండు సైజులు పెద్దది. ముందు భాగంలో పాత గుడ్డపేలికలు కుక్కి, లేసులు చీలమండ చుట్టూ రెండు చుట్లు చుట్టి కట్టుకుందట. కవాతు మధ్యలో ఒక బూటు ఊడి వెనకాలే ఉండిపోయింది. అమ్మ ఆగలేదు. ఒంటి బూటుతో కవాతు పూర్తి చేసింది. గ్రౌండంతా నవ్వారు.

"అప్పట్నించీ బూట్లంటే నాకు నలుగురూ నవ్వడమే గుర్తొస్తుంది" అంది. ఆ మాట చాలా మామూలుగానే అంది. మావాడు ఏమీ మాట్లాడకుండా కింద కూర్చుని అమ్మమ్మ కాలికి కొలత పెట్టాడు.

మెట్టెలూ, వెడల్పూ

ఇక్కడ కొంచెం పనికొచ్చే సంగతి చెప్పాలి. అమ్మకి నచ్చిన కాన్వాసు జత మేం కొనలేదు. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నా, ఆ పాతకాలపు బూట్లకి అడుగున మెత్త తక్కువ, మధ్యలో ఆసరా తక్కువ. ఒకప్పటి ఆటల బూటు ఇవాళ ఆటకి కాదు, అందానికి. పిల్లలకి సరే. షుగర్ ఉన్న పాదానికి మెత్తటి అడుగు కావాలి.

ఇంకో చిక్కు మెట్టెలు. అమ్మ వాటిని తీయదు, తీయమని నేను అడగను. ఇరుకు బూట్లో మెట్టె పక్కవేలిని ఒరుసుకుంటుంది. షుగర్ ఉన్నవాళ్లకి పాదాల్లో స్పర్శ తగ్గితే ఆ ఒరుపు తెలియదు, చిన్న పుండు పెద్దదవుతుంది. పైగా చిన్నప్పట్నుంచీ చెప్పులతోనో వట్టి కాళ్లతోనో నడిచినవాళ్ల పాదాలు ముందువైపు విచ్చుకుని వెడల్పుగా ఉంటాయి. అందుకని సైజు అంకె ఒక్కటే చూస్తే చాలదు, వెడల్పు కూడా చూడాలి. ఆడవాళ్ల బూట్లలో మామూలు వెడల్పుని బి అంటారు. డి అంటే వెడల్పు, టూ ఈ అంటే ఇంకా వెడల్పు. 1960ల మొదట్లోనే పరుగు బూట్లని రకరకాల వెడల్పుల్లో అమ్మడం మొదలుపెట్టింది బాస్టన్‌కి చెందిన న్యూ బ్యాలెన్స్. 1982లో వాళ్లు తెచ్చిన 990 అనే బూడిదరంగు బూటు ఖరీదు వంద డాలర్లు. పరుగెత్తేవాళ్లు అప్పట్లో ముక్కున వేలేసుకున్నారు. ఆ వరస ఇప్పటికీ నడుస్తోంది, తాతయ్యలూ తొడుగుతున్నారు, ఫ్యాషన్ కుర్రాళ్లూ తొడుగుతున్నారు.

చివరికి అమ్మకి డి వెడల్పులో మెత్తటి తెల్ల తోలు జత దొరికింది. లేసుల బదులు అంటించే పట్టీలున్నవి. వంగలేని నడుముకి అదే సుఖం. "తెల్లవే ఇప్పించావు కదా" అని ఒకటికి రెండుసార్లు అడిగింది. చీర రెండంగుళాలు పైకి కట్టుకుని, మందపాటి నూలు మేజోళ్ల మీద బూట్లు వేసుకుని, మర్నాడు సాయంత్రం మా వీధి చివరిదాకా వెళ్లి వచ్చింది. మూడు వారాల తరవాత పార్కులో విజయనగరం నుంచి వచ్చిన ఒకావిడ జత కలిసింది. ఇక అమ్మ ఫోనులో అడుగుల లెక్క చూసుకోవడం, ఆవిడ కంటే రెండొందలు ఎక్కువ వచ్చాయని మాకు చెప్పడం. మందు పెంచాల్సిన అవసరం రాలేదు.

బీరువాలో బూట్లు

అదే రోజుల్లో ఇంట్లో ఇంకో బూట్ల పంచాయతీ నడిచింది. మావాడు వేసవిలో ఈతకొలను దగ్గర పనిచేసి దాచుకున్న డబ్బుతో పాత నమూనా బాస్కెట్‌బాల్ బూట్లు కొన్నాడు. కొని తొడగడు. పెట్టెలో, కాగితం చుట్టి, అలమరలో పెట్టాడు. తొడిగితే వేళ్ల దగ్గర ముడత పడుతుందట, ముడత పడితే తరవాత ఎక్కువ ధరకి అమ్ముడుపోవట. మావారికి ఒళ్లు మండింది. "కాళ్లకి వేసుకోని బూట్లు కొనడం ఏ ఊరి తెలివి?" అని ఆయన, "ఇది ఇన్వెస్ట్‌మెంట్ నాన్నా" అని వాడు. అన్నం దగ్గర ఇద్దరూ మాట్లాడుకోని రోజులు కూడా ఉన్నాయి.

ఈ గొడవ మా తమ్ముడి చెవిన పడింది. వాడు వీడియోలో మేనల్లుడికి ఒక జత చూపించాడు. 1990లలో మా బాబాయి దుబాయ్ నుంచి తెచ్చిన విదేశీ బూట్లు. మంచివని బీరువాలో దాచాడు. పెళ్లిళ్లకి నాలుగైదుసార్లు తొడిగాడేమో. ఈ మధ్య ఇల్లు సర్దుతూ బయటికి తీసి కాలు పెడితే, అట్ట మొత్తం అటుకుల్లా పొడిపొడిగా రాలిపోయింది. పైన తోలు మాత్రం కొత్తదిలాగే మెరుస్తోంది.

ఇది తయారీలో మోసం కాదు, రసాయనం. 1980ల తరవాత చాలా బూట్ల అడుగున పాలీయురెథేన్ అనే మెత్తటి నురుగు పదార్థం వాడుతున్నారు. గాలిలోని తేమ మెల్లమెల్లగా దాని అణువుల గొలుసుల్ని తెంచుతుంది. తొడిగినా తొడగకపోయినా ఇది జరుగుతూనే ఉంటుంది. మన తీరప్రాంతపు ఉక్కలో ఇంకా తొందరగా జరుగుతుంది. అప్పుడప్పుడూ తొడిగి నడిచే జత, పెట్టెలో పడుకున్న జత కంటే ఎక్కువకాలం నిలుస్తుందని పాత బూట్లు పోగుచేసేవాళ్లు కూడా చెబుతారు. రబ్బరు అట్ట ఉన్న పాతకాలపు బూట్లకి ఈ బాధ తక్కువ.

అమ్మ అంతా విని మనవడితో ఒక్కటే మాట అంది. "పట్టుచీరైనా ఏడాదికోసారి మడత మార్చి పెట్టకపోతే మడత దగ్గరే చిరుగుతుందిరా. కట్టుకున్న చీర చిరగదు, దాచిన చీర చిరుగుతుంది."

వాడు ఆ రాత్రి ఏం ఆలోచించాడో తెలియదు. సోమవారం ఆ బూట్లు తొడుక్కుని బడికి వెళ్లాడు. శుక్రవారానికి ముడతలు పడ్డాయి. మావారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు, నేను చెప్పకుండానే.

ఎందుకు పాతబడవు?

ఇక మొదటి ప్రశ్నకి వద్దాం. నాకు తోచిన కారణాలు మూడు.

ఒకటి, వాటిలో తీసేయడానికి ఏమీ లేదు. గుడ్డో తోలో, రబ్బరు, ఎనిమిదో పదో లేసుల చిల్లులు. నగిషీ ఎక్కువ ఉన్నది తొందరగా పాతబడుతుంది. తెల్ల పంచె, నేత చీర ఫ్యాషన్ తప్పిపోవడం మీరెప్పుడైనా చూశారా?

రెండు, వాటిని ఎవరి కోసం చేశారో వాళ్ల దగ్గరే అవి ఆగిపోలేదు. టెన్నిస్ ఆటగాడి బూటు ఆఫీసుకి వెళ్లింది. బాస్కెట్‌బాల్ బూటు పాటల వేదిక ఎక్కింది. పరుగు బూటు చీర కిందకి వచ్చింది. ఏ తరం తొడిగితే ఆ తరం కథ దానికి అంటుకుంది.

మూడు, అవి పెద్దాచిన్నా తేడా తగ్గిస్తాయి. కంపెనీ అధిపతీ, ఆ కంపెనీ మేడ ఊడ్చే మనిషీ ఒకే రకం బూట్లతో కనిపించే సందర్భాలు లోకంలో ఎక్కువ లేవు. ధరలో తేడా లేదని కాదు. కానీ ఆకారం ఒకటే.

ఇంకో మాట. ఈ బూట్లు ఎక్కడో చేసి మనం ఎక్కడో తొడుగుతున్నాం అనుకుంటాం. తిరుపతి జిల్లాలో తడ దగ్గర మాంబట్టులో ఉన్న అపాచీ ఫ్యాక్టరీలో అడిడాస్ బూట్లు తయారవుతాయి. 2022లో శ్రీకాళహస్తి దగ్గర ఇనగలూరులో రెండోదానికి శంకుస్థాపన జరిగింది. అక్కడ పనిచేసేవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు. మీ పిల్లవాడి బూటు నాలుక కింద ఉన్న చీటీ ఒకసారి తిప్పి చూడండి. ఇండియాలో తయారైనది అని ఉంటే, అది మన తెలుగమ్మాయి కుట్టినదైనా కావచ్చు.

అమ్మానాన్నలు వస్తుంటే

ఈ వేసవిలో మీ ఇంటికీ పెద్దవాళ్లు వస్తూ ఉండవచ్చు. మా అనుభవం కొద్దీ నాలుగు మాటలు.

బూట్లు వాళ్లు దిగిన మొదటి వారంలోనే కొనండి, నాలుగో నెలలో కాదు. సాయంత్రం పూట కొలవండి, రోజంతా నడిచాక పాదం కొంచెం ఉబ్బుతుంది. రెండు పాదాలూ కొలిచి, పెద్ద పాదానికి సరిపోయేది తీసుకోండి. పొడవాటి వేలి ముందు ఒక బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. మెట్టెలుంటే మెట్టెలతోనే, తొడగబోయే మేజోళ్లతోనే కొలవండి. షుగర్ ఉన్నవాళ్లు తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి చూసుకోవడం, రాత్రి పాదాలు ఒకసారి పరీక్షించుకోవడం అలవాటు చేయండి. తడిస్తే హీటరు మీద ఆరబెట్టకండి, లోపల పాత పేపరు కుక్కి నీడలో పెట్టండి. అన్నిటికంటే ముఖ్యం, వద్దు అన్నప్పుడు ఆ వద్దు వెనక ఏముందో ఒకసారి అడగండి.

వెళ్లేటప్పుడు బూట్లు ఇక్కడే ఉంచమన్నాను, మళ్లీ వస్తావు కదా అని. అమ్మ వినలేదు. సూట్‌కేసులో పెడితే బరువని తొడుక్కునే విమానం ఎక్కింది. ఇప్పుడు తెనాలిలో రోజూ పొద్దున్నే కాలవ గట్టు మీద నడుస్తోంది. మొదట్లో ఇద్దరు ముగ్గురు నవ్వారట. "నవ్వితే నవ్వనీ, ఈసారి రెండు బూట్లూ కాళ్లకే ఉన్నాయి" అంటోంది.